పాలకొల్లు నుంచి న్యూయార్క్ దాకా: ఒక ఆల్బమ్‌ని మొత్తంగా వినడం

మా ఇంట్లో మాండొలిన్ శ్రీనివాస్ క్యాసెట్ ఒకటి ఉండేది. దాన్ని టేప్ రికార్డర్‌లో పెట్టి బటన్ నొక్కితే, సైడ్ ఏ అయిపోయి ఆ బటన్ టక్కుమని పైకి లేచేదాకా ఎవరం ముట్టుకునేవాళ్లం కాదు. మధ్యలో ఒక కీర్తన రుచించకపోయినా ముందుకు జరపాలంటే భయం. రీలు చిక్కుపడితే పెన్సిల్ దూర్చి తిప్పుకుంటూ కూర్చోవాలి. అందుకని మొత్తం వినేవాళ్లం. మొదట్లో ఎప్పుడైపోతుందా అనిపించిన పొడుగాటి ఆలాపన, నెల తిరిగేసరికి ఆ క్యాసెట్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం అయిపోయింది.

ఇప్పుడు చేతిలో ఫోనుంది. ఒక్క స్పాటిఫై అనే పాటల యాప్‌లోనే 10 కోట్లకు పైగా పాటలున్నాయి. అయినా ఈ మధ్య కొత్తగా ఏం వింటున్నారని ఎవరిని అడిగినా "కొత్తవేం లేవండీ, అవే పాతవి" అన్న జవాబే ఎక్కువ వస్తుంది. ఇందులో రెండు చిక్కులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. కొత్త సంగీతం మన దాకా రాకపోవడం ఒకటి. వచ్చింది మనసులో నిలవకపోవడం ఇంకొకటి. రెంటినీ విడదీసి చూస్తే తప్ప దారి దొరకదు.

ముందు మొదటిది. పాటల యాప్ మనకు పాటను ఎలా ఎంచి పెడుతుంది? ఊళ్లో పదేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్న ఒకాయన్ని ఊహించుకోండి. కందిపప్పు, చింతపండు కొన్నవాళ్లు ఎండుమిర్చి కూడా అడుగుతారని ఆయనకు తెలుసు. మీరు నోరు తెరవకముందే పొట్లం కట్టి ఉంచుతాడు. యాప్ చేసే పనిలో పెద్ద భాగం ఇదే. మీరు విన్న పాటలు విన్న లక్షల మంది ఇంకేం విన్నారో చూసి, వాటిలో మీరు విననివి తెచ్చి ముందు పెడుతుంది. దీన్నే కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అంటారు. పాట ధ్వనిని విశ్లేషించడం లాంటి పద్ధతులు దీనికి తోడవుతాయి. 2015 జులైలో స్పాటిఫై మొదలుపెట్టిన డిస్కవర్ వీక్లీ ప్రతి సోమవారం 30 పాటలు ఇచ్చేది ఈ లెక్కల మీదే. అది పనికిరానిదని నేను అనను. నాకు దానిలో మంచి పాటలు దొరికాయి.

కాకపోతే కొట్టు ఆయనకు ఏవి కలిపి అమ్ముడుపోతాయో తెలుసు గానీ, ఆ కందులు ఏ చేలో పండాయో, పక్క చేలో ఇంకేం వేశారో తెలియాల్సిన అవసరం లేదు. యాప్‌దీ అదే పరిస్థితి. చాలామంది నడిచిన బాటలో అది మనల్ని చక్కగా నడిపిస్తుంది. కొద్దిమందే నడిచిన దారి దానికి సరిగా ఆనదు. త్యాగరాజ కీర్తనలు వినేవాళ్లలో అమెరికన్ జాజ్ వినేవాళ్లు తక్కువైతే, ఆ రెంటి మధ్య దారి ఉన్నా ఆ లెక్కలో అది సన్నగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి, అక్కడ లెక్కంతా పాటల్లోనే. స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు దాటి మోగితేనే ఒక ప్లే కింద జమ అవుతుంది. నాలుగు నిమిషాల పాటైనా, ఇరవై నిమిషాల రాగమైనా ఒకటే జమ. అలాంటి చోట నెమ్మదిగా మొదలయ్యే సంగీతానికి నష్టం. వినేవాడి వేలు కూడా అదే అలవాటు చేసుకుంటుంది. పదిహేను సెకన్లలో పట్టుకోకపోతే తర్వాతి పాట. ఆలాపన అన్నది పదిహేను సెకన్లలో పట్టుకునే వస్తువు కాదు.

పాటను ఇలా విడిగా వినడం ఫోన్లతో మొదలైన పాపం కాదు. రికార్డు పుట్టిందే పొట్టిగా. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు ఒక వైపున పట్టేది మూడు నిమిషాలే. గంట పాడే గాయని మొత్తం రాగాన్ని మూడు నిమిషాల్లో చూపించి, చివర తన పేరు తనే చెప్పి ముగించేది. పెద్ద రచన కావాలంటే అలాంటి డిస్కులు నాలుగైదు కలిపి, ఫొటోల ఆల్బమ్‌లా అట్టలు కట్టిన పుస్తకంలో దోపి అమ్మేవాళ్లు. ఆల్బమ్ అన్న పేరు అక్కణ్నుంచి వచ్చిందే. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఎల్పీని, అంటే లాంగ్ ప్లే రికార్డుని, తెచ్చాక ఒక వైపున ఇరవై నిమిషాల పైచిలుకు పట్టింది. రెండు వైపులా కలిపితే నలభై, నలభై ఐదు నిమిషాలు. కళాకారులు ఆ కొలతలో ఆలోచించడం మొదలుపెట్టారు. ఏది ముందు, ఏది వెనక, మొదటి వైపు దేనితో ముగించాలి, డిస్కు తిప్పాక దేనితో మొదలెట్టాలి. 1982లో సీడీ వచ్చి ఆ కొలతను 74 నిమిషాలకు పెంచింది. నన్నడిగితే ఎల్పీ కొలతే మనిషి ఓపికకు సరిపోయేది. సీడీల కాలంలో ఖాళీ ఉంది కదా అని నింపిన ఆల్బమ్‌లు చాలానే విన్నాను.

మన దగ్గర ఆల్బమ్ అంటే సినిమా పాటలే. ఇప్పుడు ఫస్ట్ సింగిల్, సెకండ్ సింగిల్ అంటూ లిరికల్ వీడియోలు ఒక్కొక్కటిగా వచ్చి, చివరికి జ్యూక్‌బాక్స్ వస్తుంది. ఆ పాటలకు కథలో చోటు ఉంటుంది గానీ, వాటిని ఒకదాని తర్వాత ఒకటి విడిగా వినాలన్న నియమం లేదు. సినిమా పాటల్ని వరసలో విననందుకు ఎవరూ బాధపడక్కర్లేదు.

కానీ వరసలో వినడం మనకు తెలియని విద్య కాదు. పుష్య బహుళ పంచమి నాడు, త్యాగరాజ ఆరాధనలో, తిరువయ్యారులో ఏం చేస్తారు? పంచరత్న కృతులు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అయిదు ఘనరాగాలు, అయిదు కృతులు, అదే వరస. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. నాట రాగంలో నిటారుగా లేచిన గొంతులు, గౌళ దగ్గరికి వచ్చేసరికి తన తప్పులు తనే ఏకరువు పెట్టుకునే మనిషి గొంతులవుతాయి. చివరికి శ్రీరాగంలో ఎందరో మహానుభావులకు చేతులు జోడించి ఆగుతాయి. చివరి కృతిని విడిగా కొన్ని వందల సార్లు విని ఉంటాం. ముందు నాలుగూ కూర్చుని విన్నాక అదే కృతి వస్తే, ఆ దండానికి బరువు వేరేగా ఉంటుంది. ఆల్బమ్ వినడం అంటే నేను చెప్పబోయేదంతా ఈ అనుభవమే.

కొత్త సంగీతం ఎక్కడ వెతకాలి మరి? నా జవాబు: క్యాసెట్ అట్ట మీద. అంటే పక్కన వాయించినవాళ్ల పేర్లలో. మనకిష్టమైన కళాకారుడు ఇంకెవరితో కలిసి కూర్చున్నాడు, వాళ్లు అంతకుముందు ఎవరి దగ్గర వాయించారు అని ఒక్కో పేరు పట్టుకుని నడవడం. యాప్ చూసేది విన్నవాళ్ల అడుగులు. మనం చూడాల్సింది వాయించినవాళ్ల అడుగులు. నేను నడిచిన దారి చెబుతాను.

ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే, విన్నదాన్ని పిల్లవాడు మాండొలిన్ మీద పలికించేవాడు. ఆ వాద్యంలో గాత్రం వినిపిస్తుందని అందరూ అనడానికి కారణం అదేనని నా నమ్మకం. ఆయన ఇంకా ఎక్కడెక్కడ వాయించారని వెతికితే రిమెంబర్ శక్తి అన్న బృందం తగిలింది. 2000లో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లో శ్రీనివాస్ పక్కన తబలా మీద జాకిర్ హుస్సేన్, గిటార్ మీద జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఆంగ్లేయుడు. ఈ మెక్‌లాఫ్లిన్ ఎవరు? 1970ల్లో ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో శక్తి బృందం కట్టినవాడు. అంతకుముందు? 1969 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో దిగిన కొద్ది రోజులకే మైల్స్ డేవిస్ అనే అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడి రికార్డింగ్‌లో కూర్చున్నాడు. ఆ డేవిస్ పదేళ్ల కిందట, 1959లో చేసిన ఆల్బమ్ పేరు కైండ్ ఆఫ్ బ్లూ. పాలకొల్లు నుంచి అక్కడికి చేరడానికి రెండు పేర్లు దాటితే చాలు.

ఇదొక్కటే దారి కాదు. ఇళయరాజా పాటలు ఇష్టపడేవాళ్లకు ఇంకోటి ఉంది. ఆయన 1988లో సినిమాతో సంబంధం లేకుండా చేసిన నథింగ్ బట్ విండ్ ఆల్బమ్‌లో వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. చౌరాసియా పేరు పట్టుకుంటే 1967 నాటి కాల్ ఆఫ్ ది వ్యాలీ దొరుకుతుంది. అందులో శివకుమార్ శర్మ సంతూర్, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ ఉంటాయి. కశ్మీర్‌లో ఒక గొర్రెల కాపరి రోజును పొద్దుటి రాగాలతో మొదలుపెట్టి వరసగా చెప్పిన ఆల్బమ్ అది. దాన్ని షఫుల్‌లో, అంటే పాటల వరస కలిపేసే పద్ధతిలో, పెడితే పొద్దు గూకి, మళ్లీ తెల్లారి, మళ్లీ గూకుతుంది. రిమెంబర్ శక్తి బృందం మొదలైనప్పుడు వేణువు వాయించిందీ చౌరాసియా గారే. రెండు దారులూ ఒకే ఇంటికి చేరాయి.

ఇక రెండో చిక్కుకు వస్తాను. దొరికింది నిలవాలంటే ఎలా వినాలి? కైండ్ ఆఫ్ బ్లూ మొదటిసారి విన్నప్పుడు నాకు ఏమీ అంటలేదు. ఏదో హోటల్లో వెనకాల మోగే సంగీతంలా ఉంది. అది నా చెవి లోపమని అప్పుడు తెలియదు. ఏం వినాలో తెలియకపోతే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. కర్ణాటక సంగీతం తెలియనివాళ్లకు మన ఆలాపన సాగదీతలా అనిపించినట్టే.

ఆ ఆల్బమ్‌లో మొదటిది సో వాట్. మన మాటలో "అయితే ఏంటి". మొదట బేస్ అనే మంద్రస్థాయి తీగవాద్యం, పియానో తాళం లేకుండా ఏదో మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. తర్వాత బేస్ ఒక ప్రశ్న లాంటి వాక్యం పలుకుతుంది. మిగతావాళ్లు రెండే స్వరాలతో జవాబిస్తారు. ఆ రెండు స్వరాలే ఆ పేరు. ఇక్కడ ఆగి, కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లు స్వరాలు పట్టి చూడండి. వాళ్లు డోరియన్ అని పిలిచే ఆ స్వరవరస మన ఖరహరప్రియ రాగం స్వరస్థానాలే. గమకం వేరు, నడక వేరు, మెట్లు అవే. ఇప్పుడు తొడ మీద ఆది తాళం వేయండి. నడక కాస్త చురుకే, అయినా అందుతుంది. ఎనిమిది ఆవర్తనాల పాటు, అంటే తాళం ఎనిమిది చుట్లు తిరిగేదాకా, అదే స్వరవరసలో ఉంటారు. తర్వాత నాలుగు ఆవర్తనాలు షడ్జమమే, అంటే ఆధారమైన స స్వరమే, అర స్వరం పైకి జరుగుతుంది. అంటే వరస అదే, శ్రుతి మారింది. మళ్లీ నాలుగు ఆవర్తనాలు కిందికి దిగి మొదటి చోటికి వస్తారు. మొత్తం పదహారు ఆవర్తనాల చట్రం. ఆ చట్రం మీద డేవిస్ రెండుసార్లు, శాక్సఫోన్ల మీద జాన్ కోల్‌ట్రేన్ రెండుసార్లు, కానన్‌బాల్ ఆడర్లీ రెండుసార్లు, ఆ తర్వాత పియానో మీద బిల్ ఎవాన్స్ ఒకసారి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే సంగీతం, చూపిస్తారు.

ఈ లెక్క తెలిశాక ఆ పాట నాకు పూర్తిగా వేరేగా వినిపించింది. డేవిస్ ట్రంపెట్ అందుకునే క్షణంలో డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ అనే ఇత్తడి పళ్లెం మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అది చాలాసేపు మోగుతూనే ఉంటుంది. డేవిస్ తక్కువ స్వరాలతో, మధ్యలో ఖాళీలు వదులుతూ వాయిస్తాడు. అదే చట్రంలోకి కోల్‌ట్రేన్ వచ్చి ఆ ఖాళీలన్నీ ఎడతెగకుండా నింపుతాడు. ఆడర్లీ చేతిలో ఆ మెట్ల మీదే కాస్త ఉల్లాసం, కాస్త పల్లెపాట వాసన. ముగ్గురూ ఒకే చోట నిలబడి మూడు రకాల మనుషులని తెలిసిపోతుంది. శ్రుతి అర స్వరం జరిగే చోట ఎవరు ఎలా అడుగు వేశారన్నది వినడం మొదలుపెడితే ఇక చెయ్యి వేరే పని మీదకు పోదు.

అక్కణ్నుంచి ఆల్బమ్ వరస కూడా అర్థమవుతుంది. రెండో పాటలో పియానో దగ్గర మనిషి మారాడు. అక్కడ వాయించేది వింటన్ కెల్లీ. చెవిపెట్టి వింటే చెయ్యి మారిందని తెలుస్తుంది. మూడోదానిలో ఆడర్లీ లేడు, గది సగం ఖాళీ అయినట్టుంటుంది. చివరిది ఫ్లెమెంకో స్కెచెస్. దానికి అయిదు స్వరవరసలు ఇచ్చి, ఒక్కోదానిలో ఎంతసేపు ఉండాలనిపిస్తే అంతసేపు ఉండి తర్వాతి దానిలోకి వెళ్లమన్నారు. ఆ సంగతి ఎవాన్సే ఆల్బమ్ అట్ట మీద రాశాడు. రాగం మార్చుకుంటూ పోయే రాగమాలిక విన్న చెవికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. మొదటి పాటలో రెండు చోట్ల మధ్య కొలత ప్రకారం నడిచినవాళ్లు చివరికి వచ్చేసరికి కొలత కూడా వదిలేశారు. ఈ ప్రయాణం విడిపాటల్లో కనపడదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. 1959 మార్చి 2న మొదటి మూడు పాటలు రికార్డు చేసిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పెరుగుతుంది. అందుకే ఎల్పీలో మొదటి వైపంతా ఉండాల్సిన శ్రుతి కన్నా కొంచెం పైన మోగేది. ఆ రోజు పక్కనే నడిచిన రెండో యంత్రం టేపు సరిగా ఉండటంతో 1992లో దాన్ని సరిచేశారు. ముప్పై ఏళ్ల పైగా ప్రపంచమంతా ఆ వైపును కాస్త పై శ్రుతిలోనే వింది. పాత ఎల్పీ పక్కన శ్రుతిపెట్టె పెట్టుకుని చూసినవాళ్లకు ఆ తేడా తెలిసేది.

మొదటిసారి నచ్చకపోవడం గురించి ఇంకొక్క మాట. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అర్థం లేని పదాలు, అక్షరాల్లాంటి గుర్తులు మనుషులకు పదేపదే చూపించి, ఎక్కువసార్లు చూసినవే వాళ్లకు ఎక్కువ నచ్చుతున్నాయని తేల్చాడు. సంగీతంలోనూ పరిచయం ఇష్టంగా మారడం మనందరికీ తెలుసు. మొదట విసుగు తెప్పించిన సింగిల్ బస్సులో, టీకొట్టులో, పెళ్లిలో విని విని నోటికి ఎక్కుతుంది. అక్కడ విన్నది మనం కాదు, వినిపించారు. కైండ్ ఆఫ్ బ్లూని టీకొట్టులో ఎవరూ వినిపించరు. ఆ రెండోసారి, మూడోసారి మనమే కూర్చోవాలి. అందుకే కొత్త ఆల్బమ్‌ని మొదటిసారి విన్నాక నేను ఏ అభిప్రాయమూ పెట్టుకోను. మొదటిసారి ఏదో పనిలో ఉండి, ఉతికిన బట్టలు మడతపెడుతూనో, నడుస్తూనో వింటాను. రెండోసారి చేతిలో ఏమీ లేకుండా. మూడోసారి ఒక్క వాద్యాన్నే పట్టుకుని, ఎక్కువగా బేస్‌ని, అది ఎక్కడికి వెళ్తే అక్కడికి. మూడు రోజుల ఎడంతో ఈ మూడూ అయ్యాక కూడా అంటకపోతే వదిలేస్తాను. అలా వదిలేసినవీ చాలా ఉన్నాయి.

ఫోన్లో చేసుకోవాల్సిన సర్దుబాట్లు తేలికే. షఫుల్ ఆపాలి. పాటల అంచులు కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపాలి. ఆల్బమ్ అయ్యాక తనకు తోచింది అందుకునే ఆటోప్లేని ముఖ్యంగా ఆపాలి. ఆఖరి స్వరం తర్వాత వచ్చే నిశ్శబ్దం కూడా ఆ ఆల్బమ్‌లో భాగమే. 2021 నవంబర్‌లో గాయని అడెల్ అడిగాక స్పాటిఫై ఆల్బమ్ పేజీలో ప్లే బటన్ నుంచి షఫుల్‌ని తీసేసింది. అంత పెద్ద గాయని అడిగితే గానీ వరస వరసగా ఉండలేదు. టైమ్ లేదనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మెట్రోలో మియాపూర్‌లో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు ఒక ఎల్పీ రెండు వైపులా అయిపోతుంది.

నేను ఇప్పుడు బిల్ ఎవాన్స్ పేరు పట్టుకుని నడుస్తున్నాను. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బులో ఆయన తన త్రయంతో వాయించిన కచేరీ రికార్డు వింటున్నాను. బేస్ మీద స్కాట్ లఫారో. అతను వెనకాల తాళం పట్టే మనిషిలా ఉండడు, పియానోకి ఎదురు మాట్లాడుతుంటాడు. మూడోసారి వింటున్నప్పుడు బేస్ వెంటే వెళ్తుంటే, దాని వెనక ఇంకేవో చప్పుళ్లు బయటపడ్డాయి. గ్లాసులు తగులుకుంటున్నాయి. ఎవరో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరో నవ్వారు కూడా. ఆ పూట ఆ గదిలో కూర్చున్నవాళ్లకు అది మామూలు ఆదివారం. పదకొండు రోజుల తర్వాత, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి అతని వయసు పాతికే. ఆ నవ్వు వినిపించిన చోటే అతను పై స్థాయికి ఎగబాకుతున్నాడు. వెనక్కి జరిపి, మళ్లీ అక్కణ్నుంచి పెట్టాను.